వెల్ష్ మీడియం అనగానే దూరం నుంచే దండం పెట్టకండి

కార్డిఫ్, న్యూపోర్ట్, స్వాన్సీ వైపు ఉన్న మన తెలుగు అన్నలకి, అక్కలకి ఒక మాట. స్కూల్ అడ్మిషన్ల టైమ్ వచ్చిందంటే మనవాళ్ళ నోట ఒకటే మాట. "వెల్ష్ మీడియమా? ఆ భాష ఎవడికి కావాలి? పిల్లాడికి ఇంగ్లీష్ రాకుండా పోతుంది." ఈ భయం అనవసరం అని నా అభిప్రాయం. కొంచెం ఓపిగ్గా చదవండి.

ముందు ఇంగ్లీష్ సంగతి. ఇవి ఫీజులు కట్టే స్కూళ్ళు కావు, ప్రభుత్వ స్కూళ్ళే. చిన్న క్లాసుల్లో అంతా వెల్ష్‌లోనే చెప్తారు. ఏడేళ్ళు వచ్చాక ఇంగ్లీష్ కూడా సబ్జెక్టుగా మొదలవుతుంది. జీసీఎస్ఈలో ఇంగ్లీష్ పరీక్ష వీళ్ళూ రాయాల్సిందే. కార్డిఫ్‌లో మొదటి వెల్ష్ మీడియం హైస్కూల్ గ్లాన్‌టాఫ్, 1978లో పెట్టారు. టైటానిక్ సినిమాలో పడవ వెనక్కి తిప్పి రోజ్‌ని కాపాడే ఆఫీసర్ గుర్తున్నాడా? ఆ నటుడు ఇయోన్ గ్రిఫిద్ చదివింది అక్కడే. వేల్స్ తరఫున రగ్బీ ఆడుతూనే డాక్టర్ చదువు పూర్తి చేసిన జేమీ రాబర్ట్స్ కూడా అక్కడి స్టూడెంటే. వీళ్ళకేం ఇంగ్లీష్ తక్కువైంది?

రెండోది, ఈ ఏరియాలో అక్కడికి పిల్లల్ని పంపే తెల్లవాళ్ళలో చాలామందికి వెల్ష్ ముక్క రాదు. వాళ్ళ తాతముత్తాతల దగ్గరే భాష ఆగిపోయింది. 19వ శతాబ్దంలో కొన్ని స్కూళ్ళలో వెల్ష్ మాట్లాడిన పిల్లాడి మెడలో చెక్కముక్క వేలాడదీసేవాళ్ళు. దాన్ని వెల్ష్ నాట్ అంటారు. సాయంత్రానికి అది ఎవరి మెడలో ఉంటే వాళ్ళకి దెబ్బలు. మనకేం కొత్త కాదు. 2009లో మన కడప జిల్లా మైదుకూరులో తెలుగు మాట్లాడారని పిల్లల మెడలో పలకలు కట్టిన వార్త చాలామందికి గుర్తుండే ఉంటుంది.

1901లో వేల్స్‌లో సగం మందికి వెల్ష్ వచ్చు. 2021 లెక్కల్లో 17.8 శాతం, అంటే 5,38,000 మంది. ఆ మాత్రమైనా మిగిలిందంటే ఈ స్కూళ్ళు ఒక పెద్ద కారణం. మొదటి వెల్ష్ మీడియం హైస్కూల్ 1956లో ఉత్తరాన రిల్‌లో, సౌత్‌లో మొదటిది 1962లో పాంటిప్రిడ్ దగ్గర వచ్చాయి. చాలాచోట్ల తల్లిదండ్రులు కౌన్సిళ్ళ వెంటపడి సాధించుకున్నవే.

అలాగని స్కూల్ ఒక్కటే అన్నీ చేసేయదు. క్లాసులో వెల్ష్, బెల్ కొట్టగానే ఇంగ్లీష్ మాట్లాడే పిల్లలు అక్కడా ఉన్నారు. అందుకే క్యాంపులు, పాటల పోటీలు, ఆటలు అన్నీ వెల్ష్‌లో పెడతారు. 1922లో మొదలైన ఊర్ద్ సంస్థ పని అదే. ఆదివారం గంటసేపు తెలుగు క్లాసుకి పంపి, ఇంట్లో ఇంగ్లీష్‌లో మాట్లాడే మనం చూసి నేర్చుకోవాల్సింది ఇక్కడే.

కష్టాలు కూడా చెప్పాలి కదా. వీసా మీద ఉన్నాం, రేపు ఉద్యోగం కోసం మాంచెస్టర్ పోవాల్సి వస్తే పిల్లాడు మళ్ళీ ఇంగ్లీష్ మీడియంలో సర్దుకోవాలి. హోంవర్క్‌లో మనం సాయం చేయలేం. పదకొండేళ్ళకి నేరుగా హైస్కూల్లో వేస్తే చాలా కష్టం. ఆలస్యంగా చేరేవాళ్ళకి కొన్నిచోట్ల ప్రత్యేకంగా భాష నేర్పే సెంటర్లు ఉన్నాయి, కౌన్సిల్‌లో అడగండి. నా మాట ఏంటంటే, రెండు మూడేళ్ళలో వెళ్ళిపోయేవాళ్ళు వద్దు. ఇక్కడే ఉండిపోదాం అనుకునేవాళ్ళు, పిల్లలు చిన్నగా ఉన్నప్పుడే ఆలోచించండి. ఎన్‌హెచ్ఎస్, కౌన్సిల్ ఉద్యోగాల ప్రకటనల్లో వెల్ష్ వస్తే మంచిది అని రాసేది మనమూ చూస్తున్నాం. కేర్ హోముల్లో చేసేవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు, మతిమరుపు ముదిరిన ముసలివాళ్ళు ఇంగ్లీష్ వదిలేసి చిన్ననాటి వెల్ష్‌లోకి వెళ్ళిపోతారు.

ఫారం నింపే ముందు ఒక్కసారి ఓపెన్ ఈవెనింగ్‌కి వెళ్ళి చూసి రండి. చూశాక వద్దనుకుంటే మీ ఇష్టం. ఇప్పటికే పంపుతున్నవాళ్ళు ఎవరైనా ఉంటే మంచీ చెడూ రెండూ కింద రాయండి, మిగతావాళ్ళకి పనికొస్తుంది.