రొయ్య ధర చెరువు గట్టున తేలదు

సింధనూరు, మాన్వి తాలూకాల క్యాంపుల్లో ఉంటున్న తెలుగు కుటుంబాల్లో చాలామందికి గోదావరి, కృష్ణా జిల్లాల్లో బంధువులున్నారు. 2025లో అటునుంచి ఫోను వస్తే ముందు వినిపించింది రొయ్య ధర కబురే.

కారణం అమెరికా సుంకం. 2025 ఆగస్టు 7న 25 శాతం, అదే నెల 27న మరో 25 శాతం పడింది. పాత యాంటీ డంపింగ్ వగైరా సుంకాలు కలిపితే భారం 58 శాతం దాకా వెళ్లింది. అప్పట్లో పోటీదారు ఈక్వెడార్‌పై అదనపు సుంకం 15 శాతమే ఉండేది. ఇండోనేషియాపై 19, వియత్నాంపై 20 ఉండేది. సరుకు ఒకే రకమైనా అక్కడి అంగడిలో మనదే ఖరీదైంది.

దెబ్బ ఇంత గట్టిగా ఎందుకు తగిలింది? 2024-25లో మన దేశం సుమారు 7.4 లక్షల టన్నుల రొయ్యను ఎగుమతి చేస్తే, 3 లక్షల టన్నులకు పైగా ఒక్క అమెరికాకే వెళ్లింది. సాగులో అధిక భాగం ఆంధ్రప్రదేశ్‌ది. కొనేవాడు ఒక్కడైతే ధర వాడి చేతిలో ఉంటుంది. ఎగుమతిదారు తనకు తగ్గిన ధరను రైతు మీదికి తోస్తాడు. మేత, కరెంటు, లీజు ఖర్చులు మాత్రం తగ్గవు.

ఇది మొదటి దెబ్బ కాదు. 1990ల మధ్యలో తెల్లమచ్చ తెగులు టైగర్ రొయ్యను ముంచింది. 2009లో వనామీకి అనుమతి వచ్చాక సాగు మళ్లీ లేచింది. అప్పుడు తెగులు, 2025లో సుంకం. రెండుసార్లూ ముందు కుదేలైంది అప్పు చేసి చెరువు కౌలుకు తీసుకున్నవాడే.

మనకెందుకీ గొడవ అనుకోవద్దు. తుంగభద్ర ఎడమ కాలువ కింద చౌడు బారిన నేలలున్నాయి. హరియాణా, పంజాబ్‌లలో ఉప్పునీటి భూముల్లో రొయ్యలు పెంచుతున్నారు. ఆ ఆశ ఇక్కడా పుట్టవచ్చు. పుడితే మూడు ప్రశ్నలు వేసుకోవాలి. సరుకు కొనేదెవరు? ధర సగానికి పడితే అప్పు తీరుతుందా? చెరువులోని ఉప్పునీరు పక్కవాడి వరి చేలోకి పోకుండా ఎక్కడికి వదులుతాం?

ఉపాధ్యాయులకు ఇందులో మంచి లెక్కుంది. కిలోకు 100 తూగితే 100 కౌంట్, అంటే ఒక్కో రొయ్య 10 గ్రాములు. 40 కౌంట్ అయితే 25 గ్రాములు. ఆ లెక్క చేయించాక, పటంలో అమెరికాను, ఈక్వెడార్‌ను చూపించండి. మన బంధువు చెరువు ధర అంత దూరాన ఎందుకు తేలుతోందో పిల్లలే అడుగుతారు.