ఒక్క రాత్రి చదువు ఎందుకు నిలవదు?

ఇంజనీరింగ్ చదివే పిల్లలున్న ఇళ్లలో సెమిస్టర్ పరీక్షల ముందు రాత్రి దీపాలు ఆరవు. దానికి పిల్లలు పెట్టుకున్న పేరు 'నైట్ అవుట్'. నెలల తరబడి చెప్పిన పాఠాలను ఒక్క రాత్రిలో మింగే ప్రయత్నమది. ఆ పూటకు గట్టెక్కవచ్చు. వారం తిరిగేసరికి చాలావరకు మరుపున పడుతుంది. బ్యాక్‌లాగులు మిగిలితే 'వీడికి బుర్ర లేదు' అంటాం. వైద్యుడిగా నేను ఆ మాటను అంగీకరించలేను. లోపం చాలాసార్లు మెదడులో కాక, మెదడు పనిచేసే తీరును పట్టించుకోని బోధనలో ఉంటుంది.

కొత్త విషయాలు జ్ఞాపకాలుగా మారడానికి మెదడులోని హిప్పోకాంపస్ అనే భాగం కీలకం. ఆ జ్ఞాపకాలు పైపొర అయిన కార్టెక్స్‌లో స్థిరపడటానికి గాఢనిద్ర తోడ్పడుతుంది. నిద్ర మానుకుని చదవడమంటే స్లాబు పోసి క్యూరింగ్ చేయకుండా వదిలేయడమే.

చదివే పద్ధతీ ముఖ్యమే. అమెరికాలో రోడిగర్, కార్పికీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2006లో ప్రచురించిన ఒక ప్రయోగాన్ని చూడండి. విద్యార్థులు ఒక పాఠ్యభాగం చదివాక, కొందరు దాన్నే మళ్లీ చదివారు. మరికొందరు చూడకుండా గుర్తున్నది రాశారు. అయిదు నిమిషాల తరువాత మళ్లీ చదివినవారే ముందున్నారు. వారం గడిచాక వారికి గుర్తున్నది 42 శాతం. చూడకుండా రాసినవారికి 56 శాతం.

తరగతి గదిలోనూ ఇదే తేడా కనిపిస్తుంది. ఫ్రీమన్ బృందం సైన్స్, ఇంజనీరింగ్, గణిత బోధనపై 225 అధ్యయనాలను క్రోడీకరించి 2014లో ఫలితాలు వెల్లడించింది. కేవలం ఉపన్యాసం సాగిన తరగతుల్లో సుమారు 34 శాతం మంది తప్పగా, విద్యార్థులు స్వయంగా ఆలోచించి పాల్గొన్న తరగతుల్లో తప్పినవారు సుమారు 22 శాతమే.

'ఇలా చెబితే సిలబస్ పూర్తికాదు' అని అధ్యాపకులు అంటారు. వారిపై ఒత్తిడి నిజమే. కానీ బోర్డు మీద పూర్తయిన సిలబస్ పిల్లల బుర్రలో పూర్తయినట్టు కాదు. తరగతి మొదటి అయిదు నిమిషాలు గత వారం పాఠం నుంచి మార్కులు లేని రెండు ప్రశ్నలు వేస్తే చాలు. దూలం మీద బరువు పెడితే ఎక్కడ ఎక్కువ వంగుతుందో సూత్రం చెప్పకముందే ఊహించమనండి. తప్పు చెప్పినా నష్టం లేదు. వెంటనే సరిదిద్దితే అదీ నేర్పుతుంది.

తల్లిదండ్రులారా, 'చదివావా?' అని అడగడం మాని, 'పుస్తకం మూసి ఒక్కసారి చెప్పు' అనండి. ఆపై దీపం ఆర్పి పడుకోనివ్వండి. ఆ నిద్ర కూడా చదువులో భాగమే.