యంత్రం చవక, సిరా ప్రియం

ఈమధ్య మా నార్కట్‌పల్లిలో కూడా చాలా ఇళ్లలో ఇంక్‌జెట్ ప్రింటర్ కనిపిస్తున్నది. పిల్లల ప్రాజెక్టుల కోసమని ఇష్టపడి కొంటారు. నాలుగైదు నెలలు తిరిగేసరికి అది గుడ్డ కప్పుకుని మూలన కూర్చుంటుంది. "సార్, నల్ల రంగు పడతలేదు", "సార్, గీతలు గీతలు వస్తున్నయి" అంటూ పిల్లలు నా దగ్గరికి వస్తుంటారు. కొత్త సిరా డబ్బీ కొందామంటే దాని ధర విని ఇంట్లోవాళ్లు గుండెలు బాదుకుంటారు. యంత్రం మంచిది కాదని అందరూ అంటారు గాని, నేను ఒప్పుకోను. కొనేముందు వేయవలసిన లెక్క ఎవరూ వేయలేదు. అది ఎట్లా పనిచేస్తుందో ఎవరూ అడగలేదు. హైస్కూలు చదువుతున్న మీకు ఈ రెండూ కష్టమైన పనులేమీ కావు.

ముందు దాని లోపల ఏం జరుగుతుందో చూద్దాం. అచ్చువేసే తల అడుగున వెంట్రుక కన్నా సన్నని రంధ్రాలు వందల సంఖ్యలో ఉంటాయి. ఒక్కొక్క రంధ్రం వెనుక ఒక చిన్న గది, ఆ గదిలో సిరా. రంధ్రం అంత సన్నం కాబట్టి, తలతన్యత వల్ల సిరా దానంతట అది కారిపోదు. దాన్ని బయటికి తోయాలి. కొన్ని యంత్రాలలో ఈ గదిలో అతి చిన్న హీటరు ఉంటుంది. అది సెకనులో కొన్ని లక్షల వంతు కాలంలోనే వేడెక్కి సిరాలో ఆవిరి బుడగను పుట్టిస్తుంది. బుడగ ఉబ్బి, ముందున్న సిరాను బొట్టుగా బయటికి నెట్టేస్తుంది. ఈ ఆలోచన ఎట్లా వచ్చిందో తెలుసా? 1977లో జపాన్‌లోని కెనన్ కంపెనీలో ఇచిరో ఎండో అనే ఆయన పనిచేస్తుండగా, సిరా నింపిన సిరంజి సూదికి వేడి సోల్డరింగ్ ఐరన్ తగిలింది. సూదిలోంచి సిరా చివ్వున చిమ్మింది! మరికొన్ని యంత్రాలలో హీటరు ఉండదు. విద్యుత్తు ఇవ్వగానే ఆకారం మారే పదార్థమొకటి గది గోడను నొక్కుతుంది. ఒత్తిడికీ విద్యుత్తుకూ ఉన్న ఈ చుట్టరికాన్ని 1880లో పియరీ, జాక్ క్యూరీ సోదరులు కనిపెట్టారు.

ఇట్లా దూకే బొట్టు సుమారు 4 పికోలీటర్లు అనుకుందాం. పికోలీటరంటే లీటరులో లక్ష కోట్ల వంతు. అంటే 10 మిల్లీలీటర్ల సిరాలో 250 కోట్ల బొట్లున్నాయన్నమాట. ఇంత సూక్ష్మమైన పనిచేసే యంత్రం నాలుగు వేలకే ఎట్లా వస్తున్నదని మీకు అనుమానం రావాలి. యంత్రాన్ని తక్కువకు ఇచ్చి, ఆ తర్వాత సిరా మీద లాభం రాబట్టుకోవడం చాలా కంపెనీల పద్ధతి. అందుకే యంత్రం ధర కాదు, పేజీ ధర చూడాలి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. సిరా డబ్బీ 900 రూపాయలు, 120 పేజీలు వస్తుంది. పేజీకి ఏడున్నర రూపాయలు. 30 పేజీలు వేశాక మిగతా సిరా ఆరిపోయిందా, పేజీ 30 రూపాయలు పడినట్టే! ఇంకొక రకం యంత్రానికి పక్కన ట్యాంకులుంటాయి, సీసాలోంచి సిరా పోసుకోవచ్చు. ఇండోనేషియాలో జనం తమ ప్రింటర్లకు తామే బయట ట్యాంకులు తగిలించుకుంటుంటే, ఎప్సన్ కంపెనీ 2010లో అక్కడే మొదట ట్యాంకు ప్రింటర్‌ను అమ్మకానికి పెట్టింది. ఈ రకంలో పేజీకి 10 పైసలే అవుతుందనుకుందాం. యంత్రం మాత్రం 6000 రూపాయలు ఎక్కువ. పేజీకి 7 రూపాయల 40 పైసలు మిగిలితే, ఆ 6000 తిరిగి రావడానికి 811 పేజీలు వేయాలి. నెలకు 100 పేజీలు వేసే ట్యూషన్ మాస్టారికి 8 నెలల పైచిలుకు చాలు. నెలకు 10 పేజీలు వేసే ఇంటికి ఆరేళ్ల తొమ్మిది నెలలు! ఇవి లెక్క కోసం వేసుకున్న ధరలు. మీ ఊరి ధరలు కనుక్కుని మీరే వేసి చూడండి. డబ్బీ మీద రాసే పేజీల సంఖ్య అక్షరాలు పలచగా ఉండే పేజీలకేనని మరచిపోవద్దు. పేజీ నిండా రంగుల బొమ్మ వేస్తే ఆ సంఖ్య ఎంతో పడిపోతుంది.

నెలకు పది పేజీలు వేసుకునే ఇంటికి సొంత ప్రింటరే అక్కరలేదని నా అభిప్రాయం. సైకిలెక్కి జిరాక్సు షాపుకు వెళ్లి రావచ్చు.

ఇప్పటికే కొని ఉంటే దాన్ని ఆరనివ్వకండి. సిరాలో ఎక్కువ భాగం నీరే. మన నల్లగొండ ఎండాకాలపు పొడిగాలిలో బాష్పీభవనం ఎంత వేగమో మీకు వేరే చెప్పాలా? నీరు పోయి రంగు రంధ్రంలో గడ్డకడుతుంది. అట్లా కాకుండా, పని ముగిశాక తల ఒక రబ్బరు మూత మీదికి వెళ్లి కూర్చుంటుంది. గోడ దగ్గరి స్విచ్చి ఠక్కున ఆపేస్తే అది మూత చేరకుండానే మధ్యలో ఆగిపోవచ్చు. కాబట్టి ముందు యంత్రం మీదున్న బటన్‌తోనే ఆపండి. వారానికొకసారి అన్ని రంగులూ కొద్దికొద్దిగా పడేలా చిన్న ముక్క ఏదైనా వేయండి. ఇక, గీతలు కనబడగానే "క్లీనింగ్" నొక్కడం కొందరికి అలవాటు. నొక్కిన ప్రతిసారీ సిరా కొంత యంత్రంలోని దూదిమెత్తలోకి పోతుంది. ఒకటి రెండుసార్లు చూసి, కొన్ని గంటలు ఆగి మళ్లీ ప్రయత్నించడం మేలు.

తల కింది భాగాన్ని బోరు నీళ్లతో తుడిచేవాళ్లున్నారు. మన బోరు నీళ్ల సంగతి తెలిసిందే. ఫ్లోరైడ్ ఒక్కటే కాదు, కాల్షియం, మెగ్నీషియం లవణాలూ అందులో ఉన్నాయి. బిందె అంచున తెల్లగా పేరుకునేది అదే. ఆ తెలుపు వెంట్రుక కన్నా సన్నని రంధ్రంలో పేరుకుంటే ఇంకేముంది? మిషన్ భగీరథ నల్లా నీళ్లలోనూ లవణాలు ఉండనే ఉంటాయి. ఇన్వర్టర్ బ్యాటరీలో పోసే స్వేదన జలంతో పోగులు రాలని గుడ్డను తడిపి, మెల్లగా అద్దితే చాలు. హీటరు రకం డబ్బీలో సిరా పూర్తిగా ఖాళీ అయ్యేదాకా అచ్చు వేయకూడదు. ఆ హీటరును చల్లబరిచేది సిరాయే. అది లేకపోతే హీటరు కాలిపోతుంది, ఆ తర్వాత ఎంత సిరా నింపినా లాభం లేదు.

ఇప్పుడు చెప్పేది మా ఉపాధ్యాయులలో కొందరికి నచ్చకపోవచ్చు. మీ ఇళ్లలో సిరా ఎక్కువగా ఖర్చయ్యేది ప్రాజెక్టుల రంగుల బొమ్మలకే. ఇంటర్నెట్‌లోంచి గుండె బొమ్మ దించి, అచ్చువేసి అంటించిన పిల్లవాడికి కర్ణిక ఏదో, జఠరిక ఏదో తెలియవలసిన పనే లేదు. పెన్సిలుతో గీసినవాడు రెండింటి మధ్య కవాటం ఎక్కడ పెట్టాలో ఆగి ఆలోచిస్తాడు. అందుకే నేను గీసిన బొమ్మకే ఎక్కువ మార్కులు వేస్తాను. పేదింటి పిల్లవాడు రంగు ప్రింటు లేదని తలదించుకోవలసిన పరిస్థితి సైన్సు క్లాసులో ఉండకూడదు.

అచ్చు వేయక తప్పని చోట నలుపు మాత్రమే ఎంచుకోండి. డ్రాఫ్ట్ పద్ధతి పెట్టండి. కాగితానికి రెండు వైపులా వేయండి. ఇంకో మార్గం అక్షరాల ఆకారం. 2014లో అమెరికాలోని పిట్స్‌బర్గ్ ప్రాంతంలో సువీర్ మీర్‌చందానీ అనే 14 ఏళ్ల విద్యార్థి దీని మీద చేసిన పరిశోధన వార్తలకెక్కింది. వేర్వేరు ఫాంట్లలో ఒకే అక్షరానికి ఎంత సిరా పడుతుందో లెక్కగట్టాడు. అంతటితో ఆగకుండా అక్షరాలను పెద్దవి చేసి, అట్టమీద అచ్చువేసి, కత్తిరించి తూచి చూశాడు! గారమండ్ అనే ఫాంటు వాడితే ఎంతో సిరా మిగులుతుందన్నాడు. అయితే ఫాంట్ల నిపుణులు ఒక ప్రశ్న వేశారు. కంప్యూటర్‌లో ఒకే సైజు పెట్టినా గారమండ్ అక్షరాలు మిగతావాటికన్నా చిన్నగా వస్తాయి. మరి పొదుపు ఆకారం వల్ల వచ్చిందా, చిన్నగా ఉండడం వల్ల వచ్చిందా? మంచి ప్రశ్నే. ప్రయోగం చేసిన కుర్రవాడి శ్రమ కూడా వృథా కాలేదు, ఆ ప్రశ్న పుట్టింది దానివల్లనే కదా!

మన తెలుగు ఫాంట్లతో ఇది మీరూ చేయవచ్చు. గౌతమి, మండలి ఫాంట్లు తీసుకోండి. ఒకే వాక్యాన్ని రెండింటిలోనూ తెర మీద పెద్దగా చూపించి, పల్చని కాగితం ఆనించి పెన్సిలుతో దించండి. ఇందులో సిరా ఖర్చు లేదు. ముందుగా రెండింటిలోనూ 'అ' ఎత్తు సమానంగా ఉండేలా సరిచూసుకోవాలి. ఒకే అట్ట మీద వాటి రూపులు దించి కత్తిరించండి. 'ద', 'ర' వంటి అక్షరాల కడుపులోని ఖాళీ కూడా తీసేయాలి, వత్తులు పారేసుకోకూడదు. స్కూలు ప్రయోగశాల త్రాసులో తూచి, ఏది ఎంత తేలికో ఈ పత్రికకు రాయండి. 'అ' ఎత్తు ఎన్ని మిల్లీమీటర్లు తీసుకున్నారో కూడా అందులో రాయాలి.