లంకెబిందెలు

చందర్లపాటి చుట్టుపట్ల పాతదిబ్బ యేది కంటబడినను "అందులో లంకెబిందె లున్నవి" యను మాట వెంటనే వినవచ్చును. జగ్గయ్యపేట యొద్ద బౌద్ధస్తూపమున్న గుట్టకు జనులు పెట్టుకొన్న పేరే ధనబోడు. గుడిమెట్ల చేలలో వానలు కురిసిన పిమ్మట వజ్రములకై వెదకువారిని మేము తప్పుపట్టము. వాన కడిగిన రాతిని ఏరుకొనువాడు ఒకరి గోడ పడగొట్టుట లేదు. మా వాదము గడ్డపార పట్టినవానితోను, వానికి అంజనము వేసి చోటు చూపు మంత్రగానితోను, అంతకంటెను ముఖ్యముగా, ఆ కథను పిల్లలకు నమ్మకముగా చెప్పెడి మన చదువుకొన్న యిండ్లతోను. నంది పొట్టలో రత్నము లుండునని నందిని పగులగొట్టినవాడు ఆ మాటను ఎవరి నోట నేర్చుకొనెను?

ధనము బొత్తిగా లేదని మేము బొంకము. 1892లో భట్టిప్రోలు స్తూపమున రే దొర వెలికిదీసిన ధాతుకరండములలో చిన్న చిన్న బంగారు పూవులు ఉండెను. కాని పండితలోకము భట్టిప్రోలును తలచునది ఆ పూవులవలన గాదు, కరండపు రాళ్ళపై చెక్కిన అక్షరములవలన.

ధనబోడు సంగతియు నట్టిదే. 1882లో బర్జెస్ దొర అచట త్రవ్వించినప్పుడు తూర్పుద్వారపు ఆయక స్తంభములు బయటపడెను. ఇక్ష్వాకు రాజగు వీరపురుషదత్తుని యిరువదియవ యేట, అనగా క్రీస్తుశకము మూడవ శతాబ్దిలో, వానిని బుద్ధభగవానుని మహాచైత్యమునకు సమర్పించినవాడు రాజు గాడు, సెట్టి గాడు. సిద్ధార్థు డను పనివాడు, శిల్పి. తన తల్లి నాగిలనిని ముందిడుకొని, భార్య సముదని, కొడుకు మూలసిరి, కూతురు నాకబుధనిక, సోదరుడు బుధినకుడు, అతని యిల్లాలు కనిక, వారి బిడ్డలు, అందఱి పేర్లును వరుసగా చెక్కించి, సర్వప్రాణుల హితసుఖముల కొఱకు అయిదు స్తంభము లిచ్చెను. పదునేడు వందల యేండ్లనాటి తెలుగునేలపై నొక పనివాని యింటి స్త్రీలపేర్లు మనకు తెలియుచున్నవి. ఇంతకు మించిన లంకెబిందె యేది? మన యిండ్లలో ముత్తవ్వ పేరడిగిన చెప్పగలవా రెందఱు?

ఇదే శతాబ్దిలో, సుమారు 240 ప్రాంతమున, రోమకులు లండను నగరమున మిత్రుడను దేవునికి చిన్న గుడి కట్టిరి. పొడుగు పదునెనిమిది మీటర్లు మాత్రమే. 1954లో, యుద్ధమున బాంబులకు కూలిన చోట క్రొత్తకట్టడమునకు పునాది తీయుచుండగా దాని గోడలు బయటపడెను. సుమారు నాలుగు లక్షల మంది బారులు తీరి చూచిపోయిరని యప్పటి లెక్క. వారిలో మిత్రుని కొలుచువా రెవరు? ఆ మతము అంతరించి ఎన్నో శతాబ్దము లయ్యెను గదా! తెల్లవారిని మేము ఊరక పొగడుట లేదు. వారును కట్టడపు లాభమునకే మొగ్గి గుడిని వేఱొకచోటికి తరలించిరి. 1962లో దానిని మరల నిలిపినప్పుడు అందు లోపములు దొరలెను. కాని తప్పు తెలిసికొని దానిని విప్పి, 2017లో పాతచోటి చేరువనే, నేల కేడు మీటర్ల అడుగున, సరిగా నిలిపిరి.

మన వంక చూడుడు. జగ్గయ్యపేటకు తన తండ్రి పేరు పెట్టిన వాసిరెడ్డి వేంకటాద్రినాయని కాలముననే అమరావతి స్తూపపు పలకలు కట్టడములకు పోయెను. కొన్ని సున్నపుబట్టీలలో కాలెను. మిగిలినవానిలో పెక్కింటిని ఇంగ్లీషువారు ఓడలలో లండనుకు చేర్చిరి. అది దోపిడి యని మనము కోపించుట న్యాయమే; ఐనను సున్నమైన పలకను ఏ లండను నుండి తెచ్చుకొందుము?

"అవి బౌద్ధులవి, మనకేల?" యను పెద్దమనుష్యు లున్నారు. సిద్ధార్థుని బిడ్డల బిడ్డలు ఏ మతమున గలిసిరో యీ పెద్దమనుష్యు లెఱుగుదురా? వీరి కులమందే కలిసియుండవచ్చును. 1878 నాటి నిధినిక్షేపముల చట్టము, పది రూపాయలకు మించిన నిక్షేపము దొరికినవాడు కలెక్టరునకు తెలుపవలెనని చెప్పుచున్నది. చట్టము మంచిదే కాని అది వచ్చుసరికి దిబ్బ తిరగబడి యుండును. ఏ రాయి ఏ రాతిపై నుండెనో, ఏ పొరలో ఏ పెంకు ఉండెనో చెఱగిన పిమ్మట దానిని కూర్చగల పండితుడు లేడు.

ధనబోడు శిల్పములు, స్తంభములు చెన్నపట్టణపు ప్రదర్శనశాలకు చేరినవి. వానిని తెచ్చుట కష్టమైన, వాని అచ్చులు పోసి గుట్టపై నిలుపవలెననియు, ఆ శాసనమును చదివినంతనే తెలియు తెలుగున ప్రక్కన చెక్కింపవలెననియు మేము కోరుచున్నాము. ఖర్చు ఒక పెండ్లిపందిరి పాటిది. ప్రభుత్వము తడసిన, నందిగామ, జగ్గయ్యపేటల గృహస్థులు చందా వేసికొనవచ్చును. చందర్లపాటి బడిపిల్లలను ఒకనాడు అచటికి గొంపోయి నాగిలని పేరు బిగ్గరగా చదివింపుడు. ఆ రాత్రి లంకెబిందెల కథ చెప్పుమని మనుమడు అడిగినచో, అవ్వకు ముందుగా వాడే యీ కథ చెప్పును.