బొమ్మ అడుగు రంగు చూశారా?

చెల్లెమ్మలూ, బొమ్మ కొనేటప్పుడు మనం ఏం చూస్తాం? ముఖం కళగా ఉందా, రేటు ఎంత, ఇల్లు చేరేలోపు విరుగుతుందా, అంతే కదా! ఈసారి అహోబిలం తిరునాళ్లకు పోయినప్పుడు, అంగడిలో బొమ్మను తిరగేసి అడుగు కూడా చూడండి. పైరంగు కింద ఏముందో అక్కడే బయటపడుతుంది. పళ్లొచ్చే బిడ్డ బొమ్మతో ఆడేదానికంటే చప్పరించేదే ఎక్కువ. మా మరిది బిడ్డకు ఎవరో ఇచ్చిన చిలుక, రెండు రోజుల్లో ముక్కు తెల్లబడింది. ఆ రంగంతా ఎక్కడికి పోయినట్టు? బిడ్డ కడుపులోకే!

మొదట కొండపల్లి బొమ్మ సంగతి. దాన్ని తెల్ల పొణికి కర్రతో చేస్తారు. మెత్తని, తేలికైన కర్ర. చేతులు, తల విడివిడిగా చెక్కి, చింతగింజల జిగురులో రంపంపొట్టు కలిపిన ముద్దతో అతికిస్తారు. ఆపైన ఒంటినిండా సుద్ద పూస్తారు. ఎందుకంటారా? ఉత్త కర్ర మీద రంగేస్తే కర్ర తాగేస్తుంది, అతుకులూ కనిపిస్తాయి. సుద్ద ఆ సందులన్నీ మూసేస్తుంది. గోడకు రంగు వేయించే ముందు తెల్లసున్నం కొట్టించినట్టే! తెలుపు మీద ఏ రంగైనా వెలుగుతుంది. అయితే ఈ బొమ్మను కడగకండి, సుద్ద ఊడుతుంది. పొడిగుడ్డతో తుడిస్తే చాలు.

ఏటికొప్పాక బొమ్మ తీరు వేరు. అంకుడు కర్రను తరిణె మీద తిప్పుతూ, రంగు కలిపిన లక్క కడ్డీని ఆనిస్తారు. రాపిడి వేడికి లక్క కరిగి కర్రకు పట్టుకుంటుంది. మొగలి ఆకుతో రుద్ది నునుపు తెస్తారు. పసుపు, జాఫరా గింజలు, నీలిమందు లాంటి వాటితో రంగులు చేసే పద్ధతికి మళ్లీ ప్రాణం పోసిన సి.వి.రాజు గారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. ఈ బొమ్మకు వేరే అడుగు రంగుతో పనిలేదు.

మన సీమ కొండల్లో పెరిగే ఎర్రచందనంతో చేసే తిరుపతి బొమ్మకైతే కర్ర ఎరుపే రంగు.

జపాన్ వాళ్ల మెత్తని వినైల్ బొమ్మల్లోనూ ఇదే కిటుకు. 1966లో మారుసాన్ కంపెనీ సినిమా రాక్షసుడు గాడ్జిల్లాను ఇట్లాగే చేసి అమ్మింది. నీళ్లలా ఉండే వినైల్‌లోనే రంగు కలిపి, లోహపు అచ్చులో పోసి కాలుస్తారు. బొమ్మకు ఎక్కువ భాగం ఏ రంగు కావాలో ఆ రంగే కలుపుతారు. ఇక కళ్లు, గోళ్లు, కాసిన్ని చారలు అద్దితే పని అయిపోతుంది. రంగు ఖర్చు, కూలి మిగులుతాయి. గీత పడినా లోపల అదే రంగు. లేతరంగు చీరకు ముదురు అద్దకం ఎక్కినంత సులువుగా ముదురు చీరకు లేత రంగు ఎక్కదు కదా! అందుకే అడుగు రంగు ముందే ఆలోచించుకుంటారు.

ఇక మనకు ముఖ్యమైన మాట. చవక పసుపు, ఎరుపు, నారింజ రంగుల్లో మెరుపు కోసం సీసం కలిపేవారు. సీసం పిల్లల మెదడును దెబ్బతీస్తుంది. ఇంత వరకు ఫరవాలేదు అనే లెక్క దానికి లేదు. ఇళ్లకు వేసే పెయింట్లలో పది లక్షల పాళ్లకు 90 పాళ్లు దాటకూడదని మన ప్రభుత్వం 2016లో నియమం తెచ్చి, 2017 నవంబరు నుంచి అమలు చేసింది. 2021 జనవరి 1 నుంచి పిల్లల బొమ్మలకు ఐ.ఎస్‌.ఐ. గుర్తు తప్పనిసరి. నమోదైన చేతివృత్తి వాళ్లకు మినహాయింపు ఉంది కాబట్టి, కర్ర బొమ్మ మీద గుర్తు కనిపించకపోవచ్చు. అప్పుడు నోరు తెరిచి అడగండి: ఏ రంగు వేశారు, లక్కా, పెయింటా?

ఇంటికి తెచ్చాక తడి తెల్లగుడ్డతో రుద్దండి. రంగు అంటితే చంటిబిడ్డకు ఇవ్వొద్దు. అంటకపోతే సీసం లేదని అర్థం కాదు సుమా! పెచ్చులూడిన పాత బొమ్మను ఎంత ముద్దుగా ఉన్నా పక్కన పెట్టేయండి. కొలువులో కూర్చునే బొమ్మ వేరు, బిడ్డ నోటికి పోయే బొమ్మ వేరు. మొదటిదానికి రంగు అందం. రెండోదానికి రంగు లేకున్నా ఫరవాలేదమ్మా!