పందేలకు పగ్గం... భయానికి ఏదీ హద్దు?

ఆన్‌లైన్‌ పేకాట, పందేలను నిషేధిస్తూ తెలంగాణ ప్రభుత్వం 2017లో గేమింగ్‌ చట్టాన్ని సవరించింది. 2020లో ఆంధ్రప్రదేశ్‌ అదే బాట పట్టింది. దేశమంతటికీ వర్తించేలా కేంద్రం తెచ్చిన ఆన్‌లైన్‌ గేమింగ్‌ ప్రోత్సాహక, నియంత్రణ చట్టానికి 2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదముద్ర లభించింది. డబ్బు పెట్టించి ఆడించే నిర్వాహకులకు మూడేళ్ల వరకు జైలుశిక్ష, కోటి రూపాయల వరకు జరిమానా విధించేందుకు ఆ చట్టం వీలు కల్పిస్తోంది. కుటుంబాలను అప్పుల ఊబిలోకి దించిన జాడ్యానికి ఈ చికిత్స అవసరమే. అయితే ఈ చట్టాలన్నీ ఆట మంచిచెడ్డలను ప్రధానంగా రూపాయితోనే కొలిచాయి. పైసా పందెం లేకున్నా పసి మనసును కుదిపివేసే ఆటల సంగతేమిటన్న ప్రశ్న మాత్రం అలాగే మిగిలింది. 'సర్వైవల్‌ హారర్‌'గా పేరుపడిన భయానక ఆటలు ఆ కోవకే చెందుతాయి.

చూసేది కాదు... నడిచేది

భయపెట్టే సినిమాలో ప్రేక్షకుడు సాక్షి మాత్రమే. కళ్లు మూసుకున్నా కథ ముందుకు సాగిపోతుంది, గండం గడుస్తుంది. 'ఫస్ట్‌ పర్సన్‌' పద్ధతిలో సాగే ఆటలో ఆ వెసులుబాటు లేదు. పాత్ర కళ్లే ఆటగాడి కళ్లు. తెరపై సాధారణంగా పాత్ర చేతులు తప్ప ముఖం కనిపించదు. చీకటి గది తలుపు తానే తీయాలి, వెనుక అలికిడైతే తానే తిరిగి చూడాలి.

జపాన్‌కు చెందిన క్యాప్‌కామ్‌ సంస్థ 1996లో ప్రారంభించిన 'రెసిడెంట్‌ ఈవిల్‌' పరంపరే ఇందుకు నిదర్శనం. ప్రధాన భాగాల్లో అంతవరకు పాత్రను బయటి నుంచి చూపిన ఆ సంస్థ, 2017 జనవరిలో విడుదలైన ఏడో భాగంలో ఆటగాడిని నేరుగా పాత్ర కళ్ల వెనుక నిలబెట్టింది. కనిపించకుండా పోయిన భార్యను వెతుక్కుంటూ అమెరికాలోని లూసియానాలో ఓ పాడుబడ్డ ఇంట్లోకి అడుగుపెట్టిన ఈథన్‌ కథ అది. తూటాలు పరిమితం, దాక్కునే చోటు తక్కువ. 2021లో వచ్చిన తదుపరి భాగమూ ఇదే పద్ధతిలో సాగింది. పాత్రను బయటి నుంచి చూస్తూ ఆడుకునే అవకాశాన్ని 2022 అక్టోబరులో దానికి అదనంగా చేర్చారు. చూపు కాస్త వెనక్కి జరిగితే భయమూ అంతే దూరం జరుగుతుంది.

నెత్తురు కాదు... నిస్సహాయత

ఈ ఆటల్లో భయానికి మూలం నెత్తురొక్కటే కాదు. స్వీడన్‌లో తయారై 2010లో వచ్చిన 'ఆమ్నీసియా'లో ఆటగాడికి ఆయుధమే ఉండదు. చీకట్లో నక్కితే పాత్రకు మతి చలిస్తుంది, వెలుగులోకి వస్తే శత్రువు కంటపడుతుంది. కెనడా నుంచి 2013లో వచ్చిన 'అవుట్‌లాస్ట్‌'లో చేతిలో ఉండేది వీడియో కెమెరా. దాని బ్యాటరీ అయిపోతే చీకట్లో దారి కనిపించదు. పారిపోవడం, దాక్కోవడం తప్ప గత్యంతరం లేదు.

ఇవన్నీ ఖరీదైన కంప్యూటర్లు, ఆట యంత్రాలు ఉన్నవారికి పరిమితమైనవి. 2017లోనే వచ్చిన 'గ్రానీ' ఆ గీతను చెరిపేసింది. ఉచితంగా దొరికే ఈ ఆటకు మామూలు స్మార్ట్‌ఫోన్‌ చాలు. తాళం వేసిన ఇల్లు, తప్పించుకునేందుకు ఐదు రోజుల గడువు, చిన్న చప్పుడైనా పసిగట్టి వెంటాడే ముసలమ్మ... ఇదీ కథ. తెలుగు ఇళ్లలోనూ దయ్యాల కథలు చెప్పింది బామ్మలే. కానీ అప్పుడు పిల్లవాడు ఆమె ఒడిలోనే ఉండేవాడు. జడుసుకున్నాడని తెలిస్తే ఆమె కథ ఆపేది, వెన్ను నిమిరేది. ఫోనుకు ఎదుట కూర్చున్నవారి వయసు ఆరో, అరవయ్యో తెలియదు.

వయసుకో ముద్ర

వీడియో గేములకు వయసు ముద్ర వేసే వ్యవస్థ అమెరికాలో 1994లో, జపాన్‌లో 2002లో, ఐరోపాలో 2003లో ఏర్పడింది. ఐరోపా విధానంలో హింసకు ఒక గుర్తు, భయానికి మరో గుర్తు విడిగా ఉండటం గమనార్హం. జపాన్‌లో 'రెసిడెంట్‌ ఈవిల్‌' ఏడో భాగాన్ని రెండు రూపాల్లో విక్రయించారు. ఒకటి 17 ఏళ్లు దాటినవారికి, బీభత్స దృశ్యాలు ఎక్కువగా ఉన్న రెండోది 18 నిండినవారికి.

మన దేశంలో సినిమాకు సెన్సార్‌ బోర్డు ఉంది. 2024 నుంచి 'యూఏ' ధ్రువపత్రాన్ని 7, 13, 16 ఏళ్ల వారీగా విభజించారు. ఓటీటీ చిత్రాలకు 2021 నిబంధనలు వర్తిస్తున్నాయి. వీడియో గేములకు మాత్రం సెన్సార్‌ బోర్డు వంటి మండలి లేదు. 2025 నాటి చట్టం వయసుకు తగిన ఆటలను ప్రోత్సహించాలని పేర్కొంది. అయితే అది ఆన్‌లైన్‌ ఆటలకు ఉద్దేశించినది. ఇంటర్నెట్‌ అవసరం లేకుండా ఒంటరిగా ఆడుకునే ఆట అందులో ఎంతవరకు ఇముడుతుందన్నది చర్చనీయాంశమే. ఫోన్లలోని యాప్‌ దుకాణాలు వయసు అంకె చూపుతున్నా, తండ్రి పేరిట ఉన్న ఖాతాలో కొడుకు ఆడుకునే ఇంట్లో ఆ అంకె అడ్డుగోడ కాలేదు.

నిషేధం మందు కాదు

భయానక ఆటలన్నీ చెడ్డవని తీర్మానించడం సరికాదు. తెలిసి ఎంచుకున్న భయం పెద్దలకు వినోదమే. దాన్ని జయించిన తృప్తీ నిజమే. నిషేధం విధిస్తే అవే ఆటలు దొంగదారిలో, ఉన్న కాస్త వయసు ముద్ర కూడా లేకుండా చేరే ప్రమాదముంది. సినిమాకు ఉన్నట్టే ఆటకూ వయసు వర్గీకరణ తేవడం, అందులో హింసతో పాటు భయాన్నీ లెక్కలోకి తీసుకోవడం, ఆ హెచ్చరికను తల్లిదండ్రులు చదవగల తెలుగులో ఉంచడం ప్రభుత్వం చేయాల్సిన పని.

అంతవరకు భారం ఇంటిదే. పిల్లలకు ఇచ్చే ఫోనులో వయసు పరిమితి పెట్టడం కొన్ని నిమిషాల పని. అంతకన్నా ముఖ్యం, వారు ఆడే ఆటను ఒక్కసారైనా పక్కన కూర్చుని చూడటం. నిన్నటి వరకు ఒంటరిగా పెరట్లోకి వెళ్లిన పిల్లవాడు నేడు దీపం ఆర్పవద్దంటే, మందలించే ముందు ఆ ఫోనులో ఏ తలుపు తెరిచాడో అడిగి తెలుసుకోవాలి.