పసిబిడ్డ గది ఎవరిది?

పుట్టబోయే బిడ్డకోసం ప్రత్యేకంగా ఒక గది అలంకరించటం మన మధ్యతరగతికి ఈనాడు కొత్త ధర్మమైంది. హనుమకొండలో లేస్తున్న అపార్టుమెంట్లలో చూడండి: గోడలమీద మబ్బులూ ఏనుగులూ, కప్పున మెరిసే నక్షత్రాలు, తెల్లటి కటకటాల మంచం, దానిచుట్టూ పూలదిండ్లు. కొత్తవాడ మగ్గంమీద నేసిన జంపఖానాను కూడా "చేతిపని" పేర ఒక మూల పరుస్తున్నారు. బిడ్డ ఇంకా లోకం చూడలేదు. బిడ్డపేర వాయిదాలు మాత్రం అప్పుడే మొదలైనాయి.

ఇది చిల్లర విషయమనీ, విమర్శ పత్రికలో దీనికి చోటెందుకనీ కొందరు మిత్రులు అడుగుతారు. నేను ఒప్పుకోను. బిడ్డను ఎక్కడ పడుకోబెట్టాలి, ఎవరు కనిపెట్టుకుని ఉండాలి, ఆ ఖర్చు ఎవరిది అన్నవి వర్గసమాజంలో రాజకీయ ప్రశ్నలే. నా వాదం ఒక్కటే: పసిబిడ్డకు మంచి గది కావాలి, అది సమాజం చెల్లించవలసిన బాకీ. ఆ బాకీని ఎగవేసి, దాన్ని సరుకుగా చేసి మనకే అమ్ముతున్నారు.

పూర్వం మన ఇళ్లలో బిడ్డ పుట్టకముందు ఏమీ కొనేవారు కారు. పాత చీరలు చింపి పక్కబట్టలు చేసేవారు. పురుడు గడిచి తొట్టెలలో వేసేదాకా పేరు కూడా పెట్టేవారు కారు. దీన్ని మూఢనమ్మకమని తేలిగ్గా కొట్టివేయవచ్చు. కాని ఆ నమ్మకం వెనక ఒక లెక్క ఉంది. 1971లో కూడా మన దేశంలో పుట్టిన ప్రతి వెయ్యిమందిలో 129 మంది ఏడాది నిండకుండానే పోయేవారు. 2020 నాటికి ఆ సంఖ్య 28కి, తెలంగాణలో 21కి దిగింది. దించినవేవి? టీకాలు, ఆస్పత్రి కాన్పులు, మంచినీళ్లు, ఇంటింటికీ తిరిగే ఆరోగ్య కార్యకర్తలు. అన్నీ ఉమ్మడి ఏర్పాట్లే. గోడమీది ఏనుగు ఒక్క ప్రాణాన్నీ నిలబెట్టలేదు.

పోనీ, ఈ అలంకారం బిడ్డకోసమేనా? పుట్టిన పసికందుకు జానెడు, జానెడున్నర దూరాన ఉన్న ముఖం తప్ప మరేదీ స్పష్టంగా ఆనదు. కప్పుమీది నక్షత్రాలు చూడవచ్చే చుట్టాలకోసం. అమెరికా పిల్లల వైద్యుల సంఘం కనీసం ఆరు నెలలపాటు బిడ్డను తల్లిదండ్రుల గదిలోనే, వేరే గట్టి పరుపుమీద, దిండూ బొమ్మా లేకుండా పడుకోబెట్టమంటున్నది. మంచం చుట్టూ కట్టే మెత్తటి దిండ్ల మూలంగా పసివాళ్లు ఊపిరాడక చనిపోతే, వాటి అమ్మకాన్ని ఆ దేశం 2022లో చట్టం చేసి నిషేధించింది. రంగుల సంగతీ అంతే. సీసం పిల్లల మెదడును దెబ్బతీస్తుంది. ఇళ్లకు వేసే రంగుల్లో పదిలక్షల పాళ్లకు 90 పాళ్లు మించి సీసం ఉండరాదన్న నియమం మన దేశంలో 2016లో చేస్తే, 2017 నవంబరులో గాని అమలుకు రాలేదు. డబ్బున్న తండ్రి రంగు ఎంచుకోగలడు. డబ్బాలో ఏముండాలో శాసించగలిగేది చట్టం ఒక్కటే.

ఇంకొక విచిత్రం ఉంది. ఈ గదులకోసం అమ్మే చిన్న కుర్చీ, చిన్న బల్ల, చేతికందే అలమారా "మాంటిసోరీ" పేర చలామణీ అవుతున్నాయి. మారియా మాంటిసోరీ తన మొదటి బాలగృహాన్ని 1907 జనవరి 6న రోమ్ నగరంలో శాన్ లొరెంజో అనే కూలిజనం పేటలో తెరిచారు. తల్లిదండ్రులు పనికిపోతే మిగిలిపోయిన పిల్లలు గోడలు పాడుచేస్తున్నారని ఇళ్ల యాజమాన్య సంస్థ అందుకు పూనుకుంది. యజమానుల ధ్యాస గోడలమీద, ఆమె ధ్యాస పిల్లలమీద. కూలివాళ్ల పిల్లలందరూ కలిసి కూర్చునే గది కోసం పుట్టిన ఆ పద్ధతి, నూరేళ్లు తిరిగేసరికి ఒంటరి పిల్లవాడి గదికి అలంకారమైంది.

మన దేశంలోనూ పసిబిడ్డ గది చట్టమెక్కింది కార్మికుల హక్కుగానే. 1948 ఫ్యాక్టరీల చట్టం, 50 మందికి మించి స్త్రీలు పనిచేసేచోట ఆరేళ్లలోపు పిల్లలకు గాలీ వెలుతురూ ఉన్న గదినీ, శిక్షణ పొందిన స్త్రీల పర్యవేక్షణనూ ఏర్పాటు చేయమన్నది. 1976లో ఆ సంఖ్యను 30కి దించారు. వరంగల్‌లో 1934లో వెలిసిన ఆజంజాహి మిల్లు తర్వాత మూతపడింది. ఈనాడు శ్రామిక స్త్రీలలో ఎందరో ఇంట్లో బట్టలు కుడుతున్నారు, బీడీలు చుడుతున్నారు, ఇతరుల ఇళ్లలో అంట్లు తోముతున్నారు. ఫ్యాక్టరీ గేటు లేనిచోట ఆ గదీ లేదు. 2017లో ప్రసూతి సెలవును 12 వారాలనుంచి 26కు పెంచి, 50 మంది ఉద్యోగులున్నచోట శిశుసంరక్షణ కేంద్రం ఉండాలన్నారు. నాలుగిళ్లలో పాచిపని చేసే తల్లికి ఏ 50 మందిని చూపిస్తాం? అలంకరించిన గదిలో మన బిడ్డను ఆడించే ఆయా, తన బిడ్డను ఎక్కడ వదిలి వచ్చిందో మనలో ఎందరు అడిగారు?

ఆ బిడ్డకు మిగిలింది 1975 అక్టోబరు 2న మొదలైన పథకం కింది అంగన్‌వాడీ. నేను చూసిన కేంద్రాల్లో అద్దె గదులున్నాయి. ఒకే గదిలో పొయ్యీ, బియ్యం బస్తాలూ, రిజిస్టర్లూ, పిల్లలూ. అక్కడా గోడమీద ఏనుగుంది. అది టీచరమ్మ తన చేతులతో వేసింది. ఆమెకు ఇచ్చేదాన్ని జీతమనరు, గౌరవ వేతనమంటారు. 2018లో కేంద్రం తాను నిర్ణయించే గౌరవ వేతనాన్ని నెలకు 3,000 రూపాయలనుంచి 4,500కు పెంచింది. వీరికి గ్రాట్యుటీ హక్కు ఉన్నదని చెప్పటానికి 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కావలసివచ్చింది. 2023 సెప్టెంబరులో తెలంగాణ అంగన్‌వాడీ టీచర్లూ ఆయాలూ సమ్మెకు దిగవలసివచ్చింది. అంగన్‌వాడీలకు శిశుసంరక్షణ కేంద్రాలను జోడించే పథకానికి కేంద్రం 2022లో "పాల్నా" అని పేరుపెట్టింది. హిందీలో ఉయ్యాల అని అర్థం. పేరు బాగుంది. ఊపే చేతికి న్యాయమైన కూలి ఇవ్వకపోతే ఏ ఉయ్యాలా ఊగదు.

"ఎవరి శక్తికొద్దీ వారు తమ బిడ్డకు చేసుకుంటే తప్పేమిటి?" అంటారు. తల్లిదండ్రుల ప్రేమలో తప్పేమీ లేదు. కాని మధ్యతరగతి తన బిడ్డను ఎక్కడినుంచి తప్పిస్తుందో, తన గొంతునూ అక్కడినుంచి తప్పిస్తుంది. సర్కారు బడికి ఇదే జరిగింది. ఉపాధ్యాయులమైన మనకు ఇది వేరే చెప్పనక్కరలేదు. మన బిడ్డలు కూడా కూర్చునే గది అయితే, దాని కప్పు కురుస్తున్నదని ఎన్నడో ఊరేగింపు తీసేవాళ్లం.

కనక విద్యార్థులకూ ఉపాధ్యాయులకూ నా సూచన చిన్నది. మీ వాడలోని అంగన్‌వాడీకి వెళ్లండి. గది ఎంత పొడవు, కిటికీలెన్ని, మరుగుదొడ్డి ఉన్నదా, తల్లులు పనినుంచి తిరిగివచ్చేదాకా తెరిచి ఉంటున్నదా, టీచరుకూ ఆయాకూ డబ్బు ఏ తేదీన అందింది? కొలిచి, అడిగి, రాయండి. రాసినదాన్ని వాళ్ల సంఘంతో కలిసి అధికారుల ముందు పెట్టండి. జోలపాటలకు మన సాహిత్యంలో కొరత లేదు. ఈ కొలతలు కూడా మన పత్రికల్లోకి ఎక్కాలి.